చెరువు గట్టు మీద పోతరాజు

మా అన్న ఏడాదంతా రాళ్ళు కొట్టేవాడు. ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం పోతరాజు అయ్యేవాడు.

మాదాపూర్ దాటాక గుట్టల మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న ఊరు మాది. శ్రావణంలో బోనాలు జరిగేవి. ఆడవాళ్ళు బోనాలెత్తుకుని ఎల్లమ్మ గుడికి నడుస్తుంటే, వాళ్ళ ముందు దారి చేస్తూ కొరడా ఝళిపించి ఆడేవాడే పోతరాజు. అమ్మవారికి తమ్ముడు. మా తాత, ఆ తర్వాత మా నాయన, నాయనకు సత్తువ తగ్గాక మా అన్న ఆ పని చేశారు. పని అని నేనిప్పుడు అంటున్నాను గానీ మా ఇంట్లో ఎవరూ ఆ మాట వాడేవాళ్ళు కాదు. నిలబడడం అనేవాళ్ళు. "ఈ యేడు గూడ మావోడే నిలబడుతుండు" అని అమ్మ వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకునేది.

మామూలు రోజుల్లో అన్నను చూస్తే పోతరాజని ఎవరూ అనుకోరు. మాట తక్కువ. సూదిమందంటే భయం. జ్వరమొస్తే దవాఖానకి పోకుండా దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. పని నుంచి రాగానే చాయ్‌లో బిస్కెట్టు ముంచుకుని తినడం ఒక్కటే అతని సరదా. అది విరిగి గ్లాసులో పడిపోతే వేలు పెట్టి తీసుకుని తింటుంటే వదిన కోప్పడేది. అన్న నవ్వి, గ్లాసు పట్టుకుని బయటికి పోయేవాడు.

బోనాలు దగ్గర పడ్డాయంటే వేరే మనిషి. ఒంటిపూట తిండి, చాప మీద పడక. కల్లు ముట్టేవాడు కాదు. ఆ ఆదివారం పొద్దున బావి దగ్గర స్నానం చేసి, ఒళ్ళంతా నూనెలో కలిపిన పసుపు పూసుకుని, నుదుటి నిండా కుంకుమ పెట్టి, నడుముకి వేపమండలు, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. అప్పుడు అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, కన్నకొడుకు కాళ్ళకు మొక్కేది. నాకు చిన్నప్పుడు ఆ క్షణం భయం వేసేది. అన్న నా వంకే చూస్తున్నా నన్ను గుర్తుపట్టినట్టు ఉండేది కాదు. దారి పొడవునా జబ్బుపడ్డవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు చేతులు పైకెత్తి అతని ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. మా నాయన పేనిన జనపతాడు కొరడా అది, మణికట్టంత లావు. తగిలితే చప్పుడెక్కువ, నొప్పి తక్కువ. ఒంట్లో పీడ ఆ దెబ్బతో పోతుందని నమ్మకం.

నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. మా గుట్టల పక్కన గుండ్రటి అద్దాల భవనం లేస్తున్న రోజులు. పొద్దున, సాయంత్రం గుట్టలు పేల్చేవాళ్ళు. పేల్చే ముందు ఈల వేస్తే మేము గిన్నెల మీద మూతలు పెట్టుకునేవాళ్ళం. మొదట్లో అన్నకు చేతి నిండా పనే. తర్వాత యంత్రాలు వచ్చాయి. అన్న వాళ్ళ ముఠా నెల రోజులు కొట్టే బండను యంత్రం రెండు పూటల్లో పొడి చేసేది. మా ఊరి చుట్టూ భూములకు కంచెలు పడ్డాయి. అమ్ముకున్నవాళ్ళు కొందరు చందానగర్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. అమ్ముకోవడానికి ఏమీ లేనివాళ్ళు బోరబండలో కిరాయికి పోయారు. అన్న పొద్దున్నే మియాపూర్ అడ్డ మీద కూలీకి నిలబడి, ఎవరూ పిలవకపోతే పదింటికల్లా తిరిగి వచ్చేవాడు.

అప్పుడే చెరువు గట్టున రిసార్టు తెరిచారు. దాని యజమాని కడప వైపు మనిషి, భూముల వ్యాపారం. ఆయన కనిపించడం తక్కువ. నడిపేదంతా మేనేజరే. ఆయనది విశాఖపట్నం. అందర్నీ అండీ అండీ అనేవాడు. నేను ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుని ఉంటే, అక్కడ వంటింట్లో పనిచేసే మా పక్కింటామె నన్ను తీసుకుపోయి చూపించింది. మేనేజర్ నన్ను ఎగాదిగా చూసి, "ఇంగ్లీషు అర్థమవుతుందామ్మా?" అని అడిగాడు. కొద్దిగా అన్నాను. మర్నాటి నుంచి నాకు ఆకుపచ్చ లంగా, ఎర్ర ఓణీ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్ళకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వెయ్యాలి. మా ఇంట్లో నేను ఓణీ వేసుకున్నదే లేదు. పంజాబీ డ్రెస్సులే.

లోపల ఒక పల్లెటూరు కట్టారు. మట్టి గోడలు, పైన తాటాకు, ఎద్దులు లేని బండి, ఒకదాని మీదొకటి పేర్చిన రంగు కుండలు. ఒక గుడిసెలో మా పక్కింటామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కొట్టేది. జనం చుట్టూ మూగి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఇంకో గుడిసె పైకి కల్లు దుకాణంలా కనిపిస్తుంది, లోపల అమ్మేది విదేశీ మందు. చీకటి పడితే చెట్లకు చిన్న దీపాలు వెలిగేవి. ఎనిమిది దాటాక నీళ్ళ ఒడ్డున చెక్కల నేల మీద పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు మొదలెట్టేవాళ్ళు. శుక్ర, శనివారాల్లో కొత్త కంపెనీల్లో చేరిన పిల్లలు బస్సుల్లో దిగేవాళ్ళు. నా ఈడువాళ్ళే చాలామంది. నేను బొట్టు పెడుతుంటే కళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళలో ఎవరి మీదా నాకు కోపం ఉండేది కాదు.

ఆ శ్రావణంలో మా ఊరి బోనాలకి సెలవడిగితే మేనేజర్ తనూ వస్తానన్నాడు. వచ్చి, మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి, కెమెరాతో అన్న వెంటే తిరిగాడు. తర్వాతి వారం మా ఇంటికొచ్చాడు. అమ్మ మంచం వాల్చింది. వదిన చాయ్ ఇచ్చింది.

"మీ డాన్సు అద్భుతంగా ఉందండి" అన్నాడు అన్నతో. "మా దగ్గర శని, ఆదివారాలు సాయంత్రం పావుగంట చేస్తే చాలు. రోజూ చూసే సినిమా డాన్సుల కన్నా ఇది కొత్తగా ఉంటుంది జనానికి."

"అది డాన్సు కాదు సార్" అన్నాడు అన్న. "అమ్మ ముందలనే నిలబడాలె. ఊకెనే ఆడొద్దు."

"అమ్మవారి బొమ్మ పెట్టిస్తామండి. పెద్దదే పెట్టిస్తాం."

మేనేజర్ చాయ్ తాగి, ఆలోచించుకోమని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం వదిన బియ్యం ఏరుతూ అన్నది, "రాయి పనే ఉంటే నేను గూడ వద్దనే అందును. రోజు పొద్దుగాల పోయి అడ్డ మీద నిలబడి నిలబడి వస్తున్నవ్. ఆడ నిలబడుడు దేనికి పనికొస్తుంది? పిల్లలకు ఏదో ఒకటి పెట్టాలె గద."

అన్న గుడి పెద్ద దగ్గరికి వెళ్ళాడు. గుడి బాగోగులు చూసే ముసలాయన. మేమంతా తాత అనేవాళ్ళం. ఆయన చాలాసేపు బీడీ తాగి, "పసుపు పుయ్యకు. కొరడా పట్టకు. డప్పుకు ఆడినట్టు ఆడు, గంతే. నేను జూడలే, నాకు తెల్వదు" అన్నాడట. ఆ మాట మీద అన్న ఒప్పుకున్నాడు.

మొదటి నెల అట్లాగే జరిగింది. ధోతీ, తలకు ఎర్రగుడ్డ. మా ఊరి డప్పుల వాళ్ళిద్దరు వాయించేవాళ్ళు, అన్న ఆడేవాడు. జనం తలెత్తి ఓసారి చూసి మళ్ళీ తిండిలో పడేవాళ్ళు. మేనేజర్ ఒకరోజు అన్నను పక్కకు పిలిచి, "పసుపు లేకపోతే మిమ్మల్ని ఎవరనుకుంటారండి?" అన్నాడు. అన్న పసుపు పూసుకున్నాడు. పది రోజులకు వేపమండలు వచ్చాయి. ఆ తర్వాత పళ్ళ మధ్య నిమ్మకాయ. చివరికి, "కొరడా లేని పోతరాజు ఏం పోతరాజండి" అన్నాడు.

అన్న ఒక్కదానికి మాత్రం లొంగలేదు. నాయన కొరడా దేవుడి మూల నుంచి కదలదన్నాడు. మేనేజర్ సరేనని బేగంబజార్ నుంచి నైలాన్ తాడు తెప్పించి పేనించాడు. పసుపు, ఎరుపు రంగుల్లో సన్నగా మెరిసేది. కొసన గట్టి ముడి. అన్న దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుని నేల మీద కొట్టి చూశాడు.

"ఇది కోస్తది సార్" అన్నాడు.

"ఎవర్నీ కొట్టొద్దు కదా, గాల్లో తిప్పండి చాలు."

ఆడే ముందు అన్న డప్పుల వెనక నిలబడి, గుడి ఉన్న వైపుకి తిరిగి దండం పెట్టేవాడు. అది నేను తప్ప ఎవరూ గమనించేవాళ్ళు కాదు. ఆట అయ్యాక మొదట్లో చెరువులో దిగి పసుపు కడుక్కునేవాడు. అతిథులు చూస్తున్నారని మేనేజర్ వద్దంటే వంటింటి వెనక పంపు కిందికి మారాడు. ఎంత రుద్దినా చెవుల వెనక పసుపు మిగిలేది. ఇంటికొస్తే అమ్మ పళ్ళెం పెట్టి, కూర వడ్డించి లోపలికి పోయేది. ఎట్లా ఆడావని ఒక్కసారీ అడగలేదు.

ఆ చలికాలంలో విదేశాల నుంచి కొందరు ఇంజనీర్లు వచ్చారు. కొత్త భవనంలో ఏవో యంత్రాలు బిగించడానికట. వాళ్ళలో ఒకాయనది గ్రీసు. నడివయసు, బట్టతల. మందు గుడిసె దగ్గర మిగతావాళ్ళు గోల చేస్తుంటే ఆయన గేటు దగ్గర నా పక్కన కుర్చీ వేసుకుని సిగరెట్లు కాల్చేవాడు. అన్న ఆడుతుంటే మాత్రం లేచి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు బాగానే అర్థమయ్యేది. ఆయనకీ అది సొంత భాష కాదు కదా, మెల్లగా మాట్లాడేవాడు.

వాళ్ళది సముద్రం ఒడ్డున చిన్న ఊరట. ఎండాకాలం వస్తే ఓడల్లో జనం దిగుతారట. పగలంతా ఇసుకలో పడుకుని, పొద్దు గుంకాక సముద్రం వెంట వరసగా ఉన్న బార్లలో తెల్లారేదాకా తాగి గంతులేస్తారట. వాళ్ళ తాత పెళ్ళిళ్ళకీ, ఊరి గుడి పండగకీ మాత్రం ఆడేవాడట, భుజాల మీద చేతులు వేసుకుని, వరసలో. ఇప్పుడు ఆయన తమ్ముడు ఆ తాత బట్టలే వేసుకుని ఒక హోటల్లో బల్లల మధ్య రోజూ ఆడతాడట. జనం పళ్ళాలు పగలగొట్టి చప్పట్లు కొడతారట.

"చలికాలం జనం ఉండరు. అప్పుడు ఆడడు. నా కూతురి పెళ్ళి చలికాలంలో అయింది. అందరూ పిలిచినా తమ్ముడు ఆడడానికి లేవలేదు" అన్నాడు.

ఆ మాటలు ఇంటికి నడిచొస్తూ అన్నకు చెప్పాను. అన్న అడిగాడు, "ఆయన తమ్ముని మీదికి దేవుడొస్తడా?"

"ఏమో, అడగలేదన్నా."

"నా మీదికైతే ఆడ వస్తలేదు" అన్నాడు. "రాకుంటెనే మంచిది. వస్తే ఎట్లనో అని భయపడ్డ ముందు."

చలికాలం పోయి ఎండలు మొదలైన రోజుల్లో, ఒక శనివారం ఏదో కంపెనీవాళ్ళు రిసార్టు మొత్తం తీసుకున్నారు. వచ్చినవాళ్ళలో ఒకాయన తరచుగా వచ్చే మనిషే. నలభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, మంచి మాట. అన్నను "రాజుగారూ" అని పిలిచేవాడు. ఆ సాయంత్రం అందరికన్నా ముందు తనే బొట్టు పెట్టించుకుని, ఇంకో దండ అడిగి తీసుకుని మెడలో వేసుకున్నాడు.

అందరూ లోపలికి వచ్చాక నేను పళ్ళెం పట్టుకుని ఆట జరిగే చోట పక్కన నిలబడాలి. డప్పులు మొదలయ్యాయి. అన్న వచ్చాడు. బోనాల్లో జనం చేతులెత్తి కొరడా కింద నిలబడతారని మేనేజర్ అంతకుముందే మైకులో చెప్పి ఉన్నాడు. కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే నవ్వుకుంటూ వచ్చి చేతులెత్తారు. అన్న కొరడా మడిచి పట్టుకుని వాళ్ళ చేతుల మీద ఊరికే ఆనించి వదిలేశాడు.

అప్పుడు ఆ తెల్లచొక్కా ఆయన వచ్చాడు. చేతులెత్తలేదు. కొరడా కొస పట్టుకుని, "ఇప్పుడు నా వంతు రాజుగారూ, ఇటివ్వండి" అన్నాడు.

అన్న వదల్లేదు. ఆయన లాగాడు. అన్న నిమ్మకాయ పళ్ళ మధ్య ఉంచుకునే తల అడ్డంగా ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇదేదో ఆటలో భాగమనుకుని ఈలలు వేశారు. అన్న మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఒక మూల నిలబడి ఉన్నాడు. ఇచ్చెయ్యమన్నట్టు చెయ్యి కిందికి ఊపాడు. నేను అది చూశాను. అన్న పిడికిలి వదిలాడు.

ఆయన మొదట నేల మీద కొట్టాడు. తర్వాత అన్న కాళ్ళ దగ్గర. "ఆడండి, ఆడండి" అంటున్నాడు. డప్పులవాళ్ళు ఆగిపోబోయారు. మేనేజర్ వేలు గిర్రున తిప్పి, కానివ్వండన్నాడు. అన్న ఆడాడు. పిక్కల మీద పసుపులో ఎర్రటి గీతలు లేచాయి. నేను పళ్ళెం కింద పెట్టి ముందుకు రెండడుగులు వేశానో లేదో, ఆయన చెయ్యి పైకెత్తి తిప్పాడు. ఆ కొసనున్న ముడి అన్న ముఖానికి తగిలింది.

అన్న అరవలేదు. కుంకుమ కంట్లో పడ్డవాడిలా అరచెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. నిమ్మకాయ నోట్లోంచి జారి దొర్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకు తెలియదు. తెల్లచొక్కా ఆయన కూడా కొరడా పైకెత్తి నాలుగు వైపులా వంగి దండాలు పెట్టాడు. నేను అన్న చెయ్యి తీసి చూశాను. అతని కంట్లోంచి కారుతున్నది ఒట్టి నెత్తురు కాదు.

రిసార్టు జీపులో కంటి దవాఖానకి తీసుకుపోయాం. మేము గేటు దాటేసరికి నీళ్ళ ఒడ్డున స్పీకర్లు మోగుతున్నాయి. జీపులో అన్న ఒక్కమాటే అన్నాడు, "అమ్మకు చెప్పకు, నేనే చెప్త."

కన్ను నిలవదని డాక్టరు ఆ పూటే చెప్పాడు. రెండో కంటికి ముప్పు రాకుండా దాన్ని తీసెయ్యాలన్నాడు. జ్వరానికి సూదంటే పారిపోయే మనిషి, కంటి చుట్టూ వాళ్ళు పొడిచిన సూదులకు కదలకుండా పడుకున్నాడు. వదిన మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున మేనేజర్ వచ్చాడు. రాత్రి నిద్రపోనట్టే ఉన్నాడు. నన్ను వరండాలోకి పిలిచి, "ఆయన కావాలని చేసింది కాదమ్మా. తాగి ఉన్నాడు. పోలీసులు వస్తారు. మీ అన్నయ్య నిజం చెబితే నేను కాదనను. కానీ యజమాని ఊరుకోడు, ఆ కొట్టినాయన కూడా పెద్దవాడే. ఆలోచించి చెప్పమను" అన్నాడు. ఆ మాట నేను అన్నకు చెప్పలేదు. అన్న ఏం చెబుతాడో నాకు ఖాయంగా తెలుసు అనుకున్నాను.

కానిస్టేబుల్ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎట్లా తగిలిందని అడిగాడు.

"నా కొరడనే సార్" అన్నాడు అన్న. "తిప్పుతుంటె మల్లొచ్చి తగిలింది."

"ఎవరన్నా కొట్టిన్రా?"

"లేదు సార్."

వదిన లేచి, "అబద్ధం సార్, వాళ్ళు" అని మొదలుపెట్టింది. అన్న తడుముకుంటూ ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కాడు. ఆమె ఆగిపోయింది. కానిస్టేబుల్ ఇద్దర్నీ చూసి, ఇంకోసారి అడిగి, లేచి వెళ్ళిపోయాడు.

వదిన చాయ్ తేవడానికి పోయినప్పుడు నేను అడిగాను. "ఎందుకన్నా అట్ల చెప్పినవ్? భయపడ్డవా?"

అన్న కట్టు కట్టిన ముఖం నా వైపు తిప్పాడు. "భయం గాదు చెల్లె. ఏమని చెప్పాలె? పోతరాజు చేతిల కొరడా ఇంకోడు గుంజుకున్నడని చెప్పాల్నా? గుంజుకున్నది గూడ గాదు. నేనే ఇడిసిన. నువ్వు జూస్తివి గద."

"మేనేజర్ ఇయ్యమన్నడు."

"ఆయన అంటడు. ఆయనకేం ఎర్క" అన్నాడు. "తాత ఇడువలే, నాయన ఇడువలే. కన్ను పోయిందంటె మందికి అర్థమైతది. ఇది ఎవలకూ చెప్పకు."

ఆ మాట మీద నేను అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు కనుక రాస్తున్నాను.

దవాఖాన ఖర్చు రిసార్టువాళ్ళే పెట్టుకున్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. తర్వాతి వారం నేను మళ్ళీ గేటు దగ్గర బొట్లు పెట్టాను. ఇంట్లో అప్పటికి చేతిలో పని ఉన్నది నాకొక్కదానికే. నెల తిరక్కుండా కొత్త పోతరాజు వచ్చాడు. ఊరేగింపుల్లో శకటాల మీద వేషాలు వేసే మనిషి, పక్క జిల్లావాడు. మంచివాడే పాపం. ఒళ్ళంతా పసుపు రంగు పౌడరు పూసుకునేవాడు, నీళ్ళు పోస్తే ఒక్కసారికే పోయేది.

తెల్లచొక్కా ఆయన కూడా వచ్చాడు. ఆయన కారు గేటులోకి తిరగడం చూసి నేను పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. ఆయన దిగి, నా ముందుకొచ్చి, అలవాటుగా తల కొంచెం వంచాడు. నేను బొట్టు పెట్టాను.

"పాత రాజుగారు ఏరమ్మా?"

"మానేశాడు సార్."

"అయ్యో. మంచి ఆర్టిస్టు" అని, లోపలికి నడిచాడు. ఆయనకు తెలిసి అలా అన్నాడో, నిజంగానే ఆ సాయంత్రం తనకేమీ గుర్తులేదో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు. ఎందుకని అన్న అడిగాడు. కడుపు నొప్పన్నాను.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఎవరు నిలబడాలో మాట్లాడడానికి గుడి పెద్ద మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏడాదిలో ఆయన కూడా బాగా వంగిపోయాడు.

"కన్ను పోయినోడు నిలబడొద్దని ఏడ లేదు బిడ్డ" అన్నాడు. "నీకు సత్తువుంటె నువ్వే నిలబడు. ఎవడన్న అంటె నేను చెప్త."

"నేను నిలబడ తాత. కొరడా ఇచ్చినోన్ని" అన్నాడు.

ముసలాయనకు అది అర్థం కాలేదు. "ఎవలకిచ్చినవ్?" అన్నాడు.

"చిన్నాయన కొడుక్కు ఇయ్యి" అని అన్న లోపలికెళ్ళి, దేవుడి మూల నుంచి నాయన కొరడా తెచ్చి ముసలాయన ఒళ్ళో పెట్టాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆమెకు ఏదో తెలిసిందనే నాకు ఆ రోజు అనిపించింది.

మా చిన్నాయన కొడుకు అప్పుడే మిలిటరీకి ప్రయత్నించి తిరిగొచ్చినవాడు, ఇరవై దాటినవాడు. బోనాలకు ముందు పది రోజులు సాయంత్రం పూట వచ్చి అన్న దగ్గర కూర్చునేవాడు. అన్న కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. కాలు ఎట్లా వెయ్యాలి, గుంపు మీద పడకుండా కొరడా ఎంత ఎత్తున తిప్పాలి, ముసలివాళ్ళు వస్తే ఎట్లా ఆనించాలి. ఒకసారి ఆ పిల్లవాడు, "నువ్వు లేచి జర చూపెట్టన్నా" అన్నాడు. అన్న వినిపించుకోనట్టే మంచినీళ్ళు అడిగాడు.

బోనాల నాడు పొద్దున్నే అన్న చొక్కా వేసుకుని, పని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. కన్ను పోయినప్పటి నుంచీ అతన్ని ఎవరూ పనికి పిలవలేదని మాకందరికీ తెలుసు. అమ్మ ఆపలేదు.

ఆ యేడు బోనాలకు మునుపటి దారి లేదు. గుడికి పోయే బాటకు అడ్డంగా ఒక కంపెనీ ప్రహరీ గోడ లేచింది. దాని చుట్టూ తిరిగి, కంకర కుప్పల పక్క నుంచి వెళ్ళాల్సి వచ్చింది. బోనాలు కూడా తగ్గాయి. అయినా డప్పులు మోగాయి. పోతరాజు మా గడప ముందుకొచ్చి ఆగాడు. వదిన వేపాకు వేసిన పసుపు నీళ్ళు బిందెతో తెచ్చి అతని కాళ్ళ మీద పోసింది. పోస్తూ పోస్తూ ఆమె ఏడ్చింది. కుర్రాడు బిత్తరపోయి, చిన్నగా, "అన్న ఏడి వదినా?" అన్నాడు. ఆ సమయంలో పోతరాజు అట్లా మాట్లాడకూడదు. "పనికి పోయిండు, నువ్వు నడువు" అన్నది అమ్మ.

పొద్దు వాలాక, డప్పులు ఆగిపోయిన చాలాసేపటికి అన్న వచ్చాడు. చొక్కా నిండా తెల్లటి దుమ్ము. మియాపూర్ దాకా నడిచిపోయి, ఒక లారీ రాయి దింపుతుంటే బతిమాలుకుని చెయ్యి వేశాడట. ఒంటి కంటికి దూరం అందక వేలు రాళ్ళ మధ్య నలిగి, గోరు నల్లబడి ఉంది. వదిన ఆ వేలికి గుడ్డ చుట్టింది. అమ్మ పళ్ళెం పెట్టి, ఎప్పుడూ లేనిది, ఎదురుగా కూర్చుంది.

"మంచిగ నిలబడ్డడా?" అని అడిగాడు అన్న.

"నిలబడ్డడు. జర భయపడ్డడు."

"భయమైతది. మొదటిసారి గద" అన్నాడు. "నేను గూడ భయపడ్డ. గజ్జెలు కట్టుకుంటుంటె చేతులు వణికినయ్. నాయన జూసి అటు తిరిగి నిలబడ్డడు."

ఆ సంగతి అతను అంతకుముందు మాకెవరికీ చెప్పలేదు. అమ్మ ఇంకాస్త అన్నం వడ్డించింది. అతను వద్దనకుండా తిన్నాడు.

మరుసటి ఏడు మా ఇల్లు ఉన్న జాగా కూడా పోయింది. మేము చందానగర్ బజారు వెనక కిరాయి ఇంటికి మారాం.